మామిడి గుజ్జు లైను నుంచి బాయిలర్ దాకా: ఏ ఫ్లోమీటరు ఎక్కడ పెట్టాలి?

గుజ్జు_లైన్_చిత్తూరు
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్‌కు ఫ్లోమీటర్లు కొనాలి. తోతాపురి సీజన్ మొదలయ్యేలోపు బిగించాలి. పాయింట్లు ఇవి:

1. స్టెరిలైజర్‌కు వెళ్లే గుజ్జు. మామూలుగా గంటకు 10 ఘనపు మీటర్లు, కనిష్ఠం 6. బ్రిక్స్ (కరిగిన చక్కెర శాతం) 14 నుంచి 17. లైను 2 అంగుళాల డెయిరీ ట్యూబ్.
2. ఎవాపరేటర్ నుంచి వచ్చే 28 బ్రిక్స్ కాన్సన్‌ట్రేట్.
3. సీఐపీ (లైను విప్పకుండా లోపలే రసాయనాలతో కడగడం) సప్లై. కాస్టిక్ 2 శాతం 80 డిగ్రీల్లో, నైట్రిక్ 1 శాతం 65 డిగ్రీల్లో.
4. ఆవిరి. 8 బార్ గేజ్, సంతృప్త ఆవిరి. గరిష్ఠం గంటకు 3 టన్నులు. రాత్రి సీఐపీ మాత్రమే నడిచేటప్పుడు 400 కేజీలు. హెడర్ (ప్రధాన ఆవిరి పైపు) 150 మి.మీ.
5. బాయిలర్ ఫీడ్ వాటర్.
6. జనరేటర్ డీజిల్.
7. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అవుట్‌లెట్.

సప్లయర్ కొటేషన్‌లో ద్రవాలన్నిటికీ మ్యాగ్నెటిక్ మీటరు (అయస్కాంత క్షేత్రంలో ద్రవం పుట్టించే వోల్టేజీతో కొలిచేది), ఆవిరికి 150 మి.మీ. వోర్టెక్స్ (అడ్డుపుల్ల వెనక పుట్టే సుడులతో కొలిచేది) రాశారు. అన్నీ లైను సైజుకే ఉన్నాయి. ఆర్డరు పెట్టవచ్చా?

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
ఆర్డరు ఆపండి సార్. ఆ కొటేషన్‌లో రెండు తప్పులు ఇక్కడినుంచే కనిపిస్తున్నాయి. డీజిల్‌లో మ్యాగ్నెటిక్ మీటరు అసలు పనిచేయదు. 150 మి.మీ. వోర్టెక్స్ మీ రాత్రి ఆవిరిని సున్నా చూపిస్తుంది. అవి తర్వాత చూద్దాం. ముందు ప్రతి పాయింటు దగ్గర ఎందుకు కొలుస్తున్నారో చెప్పండి. బ్యాగు నింపడానికా, స్టెరిలైజర్ వేగం అదుపుకా, ఖర్చు లెక్కకా? నింపడానికైతే అర శాతం తేడా కూడా డబ్బే. ఈటీపీ దగ్గర 5 శాతం తేడా ఉన్నా పని జరుగుతుంది. రెండింటికీ ఒకే ధర పెట్టనక్కర్లేదు.

గుజ్జు_లైన్_చిత్తూరు
1వది స్టెరిలైజర్ ఫీడ్ పంపు అదుపుకు. 2వది ఉత్పత్తి లెక్కకు. 4, 5, 6 కేజీ గుజ్జుకు ఖర్చు లెక్కకు. బ్యాగులు నింపేది ఫిల్లర్ మెషీనే, దానికి లోడ్ సెల్ (బరువు తూచే సెన్సర్) ఉంది. మామూలు గుజ్జు బ్యాగు 215 కేజీలు, కాన్సన్‌ట్రేట్ 228 కేజీలు.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
అయితే మొదటి పాయింటుతోనే మొదలుపెడదాం, అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది అక్కడే.

గుజ్జు చిక్కగా, పీచుతో ఉంటుంది. కదలిక తక్కువైతే గట్టిపడుతుంది, తోస్తే పలచబడుతుంది. టర్బైన్ పెడితే పీచు రెక్కలకు చుట్టుకుంటుంది. వోర్టెక్స్‌కు సుడులు క్రమంగా పుట్టాలంటే రెనాల్డ్స్ సంఖ్య (వేగం, చిక్కదనం బట్టి వచ్చే ప్రవాహపు కొలమానం) 20 వేల పైన ఉండాలి. గుజ్జు దాని దరిదాపులకు కూడా రాదు. ఆరిఫైస్ ప్లేటు (నడుమ రంధ్రమున్న పలక) ముందు గుజ్జు పేరుకుంటుంది, ఒత్తిడిని ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే ఇంపల్స్ గొట్టాలు మూసుకుపోతాయి. మ్యాగ్నెటిక్ మీటరుకు ఈ బాధలేవీ లేవు, లోపల అడ్డం వచ్చే భాగమే ఉండదు. ద్రవం విద్యుత్తును కాస్త మోస్తే చాలు. సాధారణంగా సెంటీమీటరుకు 5 మైక్రోసీమెన్స్ కనీసం అడుగుతారు. ఆమ్లం, ఖనిజ లవణాలు ఉన్న గుజ్జు ఆ గీతకు చాలా పైన ఉంటుంది.

సైజు మాత్రం లైనును చూసి కాదు, వేగాన్ని చూసి పెట్టాలి. సూత్రం సులువు. గంటకు ఘనపు మీటర్లను 353.7తో గుణించి, లోపలి వ్యాసం మి.మీ.లలో తీసుకుని దాని వర్గంతో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి.

50 మి.మీ.లో 10 ఘ.మీ. పోతే 1.41 మీ/సె. 6 ఘ.మీ.కు 0.85. 40 మి.మీ.లో అవే 2.21, 1.33. గుజ్జు ఎలక్ట్రోడ్ మీద పొరలా అంటకుండా ఉండాలంటే 1 మీటరుకు కిందికి పోకూడదు, 2 దగ్గరుంటే ఇంకా మంచిది. కాబట్టి 40 మి.మీ.కే నా ఓటు.

డెయిరీ_మెయింటెనెన్స్
అన్నా, 40కి తగ్గిస్తే రెడ్యూసర్లు (పైపు వ్యాసం తగ్గించే ముక్కలు) పడతాయి. అడ్డంగా ఉన్న లైనులో కన్‌సెంట్రిక్ (అన్ని వైపులా సమానంగా సన్నబడే) రెడ్యూసర్ కింద ద్రవం నిలుస్తుంది, పూర్తిగా డ్రైన్ కాదు. హైజీన్ లైనులో అది ఒప్పుకోరు. 50 అయితే ట్యూబుకు ట్యూబు నేరుగా కూర్చుంటుంది కదా.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
నిజమే తమ్ముడూ, అందుకే నిలువుగా పెట్టమంటాను, గుజ్జు కిందినుంచి పైకి పోయేలా. అప్పుడు రెడ్యూసర్‌లో ఏదీ నిలవదు, మీటరు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గాలి బుడగలు పైకి వెళ్లిపోతాయి. నిలువు ముక్కకు చోటు లేకపోతేనే 50 మి.మీ. అడ్డంగా పెట్టి, రెండు ఎలక్ట్రోడ్లు పక్కలకు వచ్చేలా తిప్పాలి. పైకీ కిందికీ వస్తే ఒకటి గాలిలో, ఒకటి మడ్డిలో మునుగుతుంది.

మీటరు ముందు వ్యాసానికి 5 రెట్లు, తర్వాత 2 లేదా 3 రెట్లు నేరు పైపు. బెండ్ ఒకటే ఉంటే ఇది సరిపోతుంది. ముందు సగం తెరిచిన వాల్వు ఉంటే 10 రెట్లు ఇవ్వండి.

తిరుపతి_ప్రాసెస్
స్టెరిలైజర్ ఫీడ్ అన్నారు కాబట్టి ఒక మాట. ఈ మీటరు హోల్డింగ్ ట్యూబులో (వేడి చేసిన గుజ్జును కాసేపు అదే వేడిలో ఉంచే గొట్టం) గుజ్జు ఎన్ని సెకన్లు ఉంటుందో చెప్పే సాధనం. ఉత్పత్తి లెక్క దాని తర్వాతే. ఉదాహరణకు గంటకు 10 ఘ.మీ. వద్ద 60 సెకన్ల హోల్డింగ్ కావాలంటే ట్యూబులో 167 లీటర్లు పట్టాలి. 60.3 మి.మీ. లోపలి వ్యాసమున్న ట్యూబైతే అది సుమారు 58 మీటర్ల పొడవు. మీటరు 5 శాతం తక్కువ చూపిస్తే పంపు 10 అనుకుని 10.5 తోస్తుంది, 60 సెకన్లు 57 అవుతాయి. పైగా చిక్కటి ద్రవం నడిమి పొర సగటు కంటే వేగంగా పోతుంది. సుడులు లేకుండా పొరలుపొరలుగా జారే ద్రవంలోనైతే అది సగటుకు రెట్టింపు దాకా వెళ్తుంది. కాబట్టి తక్కువ చూపించే పొరపాటుకు ఇక్కడ చోటివ్వకూడదు.

ఇంకో చిక్కు గాలి. మ్యాగ్నెటిక్ మీటరు ఘనపరిమాణాన్ని కొలుస్తుంది. గుజ్జులో 3 శాతం గాలి ఉంటే 3 శాతం గుజ్జు ఎక్కువ పోయినట్టు చూపిస్తుంది. అందుకే డీయరేటర్ (గుజ్జులోని గాలి తీసే యంత్రం) తర్వాత, పంపు తోసే వైపున పెట్టండి. పంపు పీల్చే వైపు ఎప్పుడూ వద్దు. అక్కడ ఒత్తిడి తగ్గి కరిగిన గాలి కూడా బయటికి వస్తుంది.

గుజ్జు_లైన్_చిత్తూరు
మీటరు లోపలి లైనర్ (లోపలి అస్తరు) ఏది మేడమ్? కొటేషన్‌లో పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) అని ఉంది.

డెయిరీ_మెయింటెనెన్స్
సీజన్ మధ్యలో మీటరు మార్చాల్సి వచ్చే చోట ఇదే మొదటి కారణం. లైనును ఆవిరితో స్టెరిలైజ్ చేసి రెండు వైపులా వాల్వులు మూస్తారు. చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి నీరవుతుంది, వ్యాక్యూమ్ పుడుతుంది. మామూలు పీటీఎఫ్‌ఈ గొట్టం లోహానికి అతుక్కుని ఉండదు, ఊరికే దూర్చి అంచులు మడిచింది. వేడిలో మెత్తబడి ఉన్నప్పుడు వ్యాక్యూమ్ దాన్ని లోపలికి లాగేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. లోపలి వ్యాసం తగ్గి వేగం పెరగడంతో మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఉబ్బు మీద గుజ్జు పట్టి పుల్లబడుతుంది. పీఎఫ్‌ఏ (కరిగించి పోత పోయగల టెఫ్లాన్ లాంటిది) లైనర్, లోపల స్టీలు జల్లెడతో పోత పోసింది అడగండి. డేటాషీట్‌లో ఉష్ణోగ్రత వారీగా వ్యాక్యూమ్ పట్టిక ఉంటుంది. 130 డిగ్రీల దగ్గర పూర్తి వ్యాక్యూమ్ తట్టుకుంటుందని రాసి ఉందో లేదో చూసి, ఆ పేజీ మీద సంతకం తీసుకోండి.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
డెయిరీ తమ్ముడు చెప్పింది ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే విలువైన మాట. దానితోపాటు చల్లబడేటప్పుడు స్టెరైల్ గాలితో కాస్త ఒత్తిడి ఉంచితే లైనర్‌కు, గ్యాస్కెట్‌లకు, బ్యాగుకు కూడా మేలు.

ఎలక్ట్రోడ్ ఎస్‌ఎస్ 316ఎల్ గుజ్జుకు, కాస్టిక్‌కు, 1 శాతం నైట్రిక్‌కు సరిపోతుంది. హాస్టెలాయ్ సీ (నికెల్ మిశ్రలోహం)కి అదనంగా డబ్బు అడిగితే, క్లోరిన్ ఉన్న శానిటైజర్ వాడుతున్నారా అని ముందు చూసుకోండి. వాడుతుంటే ఇవ్వాల్సిందే. వేడి క్లోరైడ్ 316ఎల్‌కు చిల్లులు పెడుతుంది.

ప్యానెల్_వైరింగ్
ఇంత ఖర్చెందుకు స్వామీ? పైపు కోయకుండా బయటినుంచి బిగించే అల్ట్రాసోనిక్ ఉంది కదా. ఒకటి కొని ఏడు చోట్లా తిప్పుకుంటే సరిపోదా?

తిరుపతి_ప్రాసెస్
శుభ్రమైన నీళ్లకైతే అది మంచి సాధనమే. బోరు నీళ్ల లైనులో, చిల్లర్ లైనులో మిగతా మీటర్లను సరిచూసుకోవడానికి ఒకటి ఉండాల్సిందే. కానీ గుజ్జులో పీచు, గాలి బుడగలు శబ్దాన్ని మింగేస్తాయి. సిగ్నల్ అవతలి సెన్సర్‌కు చేరదు. 2 అంగుళాల పలచటి ట్యూబులో శబ్దం పోయే దారి కూడా చాలా చిన్నది, అందువల్ల చిన్న పొరపాటే పెద్ద శాతం అవుతుంది. పైపు మందం అర మి.మీ. తప్పు కొట్టినా తేడా వస్తుంది. 48 మి.మీ. వ్యాసం అసలు 47 అయితే వైశాల్యమే 4 శాతం తగ్గుతుంది. వేడి లైను మీద కప్లింగ్ గ్రీజు ఎండిపోయి కొన్నాళ్లకు సిగ్నల్ పడిపోతుంది. ఆవిరికి ఇలా బయట బిగించే మామూలు క్లాంప్ ఆన్ పనికిరాదు. సరిచూసుకోవడానికి కొనండి, అదుపుకు వద్దు.

గుజ్జు_లైన్_చిత్తూరు
అర్థమైంది. కాన్సన్‌ట్రేట్‌కు కూడా మ్యాగ్నెటిక్ పెట్టొచ్చా, లేక కొరియోలిస్ తప్పదా?

తిరుపతి_ప్రాసెస్
ఇక్కడ నేను కొరియోలిస్ వైపే. కారణం బ్రిక్స్. 14 బ్రిక్స్ సాంద్రత సుమారు 1.057, 17 బ్రిక్స్‌ది 1.070. ఘనపరిమాణంతో 215 కేజీలు లెక్కగడితే ఈ మూడు బ్రిక్స్ తేడాకే బ్యాగుకు 2.6 కేజీలు అటూ ఇటూ అవుతుంది. 28 బ్రిక్స్ సుమారు 1.119. మీరు అమ్మేది కేజీలు, బ్రిక్స్. కొరియోలిస్ బరువును నేరుగా కొలుస్తుంది. గొట్టం కంపించే వేగాన్ని బట్టి సాంద్రతనూ, దాన్నుంచి బ్రిక్స్‌నూ ఇస్తుంది. అది చూసి ఎవాపరేటర్ ఆవిరి వాల్వును అదుపు చేయవచ్చు.

ఒక్క షరతు. గుజ్జులో కరగని పీచు ఉంటుంది. పట్టికలో ఉన్నది చక్కెర ద్రావణం. కాబట్టి మీటరు బ్రిక్స్, ల్యాబ్ రిఫ్రాక్టోమీటర్ బ్రిక్స్ ఒకటి కావు. మొదటి వారం షిఫ్టుకు మూడు నమూనాలు తీసి, ఆ తేడాను ఆఫ్‌సెట్‌గా వేయాలి. రకం మారితే మళ్లీ చూడాలి.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
మేడమ్ లెక్క సరైనదే, కానీ బడ్జెట్ బిగువుగా ఉంటే నేను ఇంకో దారి చెబుతాను. బ్యాగును లోడ్ సెల్ తూస్తోంది కాబట్టి అమ్మకం లెక్క అక్కడే తేలిపోతుంది. 2వ పాయింటుకు మ్యాగ్నెటిక్ పెట్టి, ల్యాబ్ బ్రిక్స్‌తో సాంద్రత వేసుకోవచ్చు. సరిచూసుకోవడానికి ఘనపదార్థాల లెక్క ఉంది. 16 బ్రిక్స్ గుజ్జు గంటకు 10 ఘ.మీ. అంటే 10,650 కేజీలు. 28కి చేర్చితే 10,650 × 16 ÷ 28, అంటే 6,086 కేజీలు బయటికి రావాలి. మిగతా 4,564 కేజీలు నీటి ఆవిరి. కండెన్సేట్ ట్యాంకులో ఇది తేలకపోతే రెండు మీటర్లలో ఒకటి తప్పు, లేదా గుజ్జు ఎక్కడో పోతోంది.

తిరుపతి_ప్రాసెస్
ల్యాబ్ బ్రిక్స్ అరగంట ఆలస్యంగా వస్తుంది. అంతలోపు 3 టన్నుల కాన్సన్‌ట్రేట్ పోతుంది. ఎవాపరేటర్ అదుపు చేతితోనే చేస్తామంటే మీ దారి సరే. ఆటోమేటిక్ కావాలంటే కొరియోలిస్సే.

కొంటే రెండు చూసుకోండి. కాన్సన్‌ట్రేట్ చిక్కదనానికి ప్రెషర్ డ్రాప్ లెక్క వేయించండి. నీటి చిక్కదనంతో వేసిన సైజింగ్ షీటు ఇస్తే తిప్పి పంపండి. చిన్న వంపు గొట్టాల మీటరులో ఆ డ్రాప్ కొన్ని బార్ల దాకా పోయి, పంపు తోయలేకపోవచ్చు. రెండోది, జీరో చేయడం. గొట్టం నిండా కాన్సన్‌ట్రేట్ ఉండగా, పని ఉష్ణోగ్రతలో, రెండు వైపులా వాల్వు మూసి జీరో చేయాలి. ఖాళీ గొట్టంతో గానీ, వాల్వు కాస్త కారుతుండగా గానీ చేస్తే ఆ తప్పు ప్రతి రీడింగులోనూ ఉండిపోతుంది. నేరు పైపు మాత్రం కొరియోలిస్‌కు అక్కర్లేదు.

గుజ్జు_లైన్_చిత్తూరు
ఎవాపరేటర్ పీఎల్‌సీకి (యంత్రాలను అదుపు చేసే కంప్యూటర్) కలిపే ఉంది. కొరియోలిస్ ధర అడుగుతాను. సీఐపీ?

డెయిరీ_మెయింటెనెన్స్
సీఐపీకి మ్యాగ్నెటిక్ చాలు. అక్కడ చూడాల్సింది ట్యూబులో వేగం 1.5 మీ/సె. వస్తోందా లేదా అని. 2 అంగుళాల ట్యూబుకు, లోపల 47.8 మి.మీ., గంటకు 9.7 ఘ.మీ. కావాలి. 60.3 మి.మీ. హోల్డింగ్ ట్యూబుకు 15.4. గుజ్జు ఫీడ్ మీటరు గుండానే సీఐపీ కూడా పోతుంది కాబట్టి, దాని రేంజి 0 నుంచి 20 పెట్టాలి. 12 పెడితే సీఐపీ సమయంలో సిగ్నల్ గరిష్ఠమైన 20 ఎంఏ (మిల్లీఆంపియర్లు) దగ్గర ఆగిపోతుంది, వేగం సరిపోయిందో లేదో తెలియదు. 40 మి.మీ. మీటరులో 15.4 అంటే 3.4 మీ/సె., ఇబ్బంది లేదు.

బాయిలర్_పలమనేరు
ఆవిరి సంగతికి వస్తాను. 8 బార్ గేజ్‌లో సంతృప్త ఆవిరి ఘనపు మీటరుకు 4.65 కేజీలు. 3 టన్నులంటే గంటకు 645 ఘ.మీ., 400 కేజీలంటే 86.

150 మి.మీ.లో గరిష్ఠానికి 10.1 మీ/సె., రాత్రికి 1.35.
100 మి.మీ.లో 22.8, రాత్రికి 3.0.
80 మి.మీ.లో 35.6, రాత్రికి 4.75.

ఈ సాంద్రత దగ్గర వోర్టెక్స్ సెన్సరుకు కనీసం 3 మీ/సె. దరిదాపులు కావాలి. దానికి తక్కువైతే సుడి బలం చాలక మీటరు సున్నా చూపిస్తుంది. 150లో రాత్రి ఆవిరి మొత్తం కనిపించకుండా పోతుంది. రోజుకు 8 గంటలైతే 3.2 టన్నులు. 100 మి.మీ. అంచు మీద నిలబడింది. 80 మి.మీ.యే సరైనది, పైపును ఇరువైపులా రెడ్యూసర్‌తో దించాలి. 35 మీటర్ల వేగం చిన్న ముక్కలో పర్వాలేదు.

ముందు 20 రెట్లు, అంటే 1.6 మీటర్లు, తర్వాత 5 రెట్లు, 40 సెం.మీ. నేరు పైపు. రెడ్యూసర్ కాకుండా దాని తర్వాతి 80 మి.మీ. పైపే ఈ లెక్కలోకి వస్తుంది. పీఆర్‌వీ (ఒత్తిడి తగ్గించే వాల్వు) ఉంటే దానికి ముందే పెట్టండి. తర్వాత పెడితే 40, 50 రెట్లు అడుగుతారు.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
ప్రెషర్ కాంపెన్సేషన్ మాట మరవకండి. మధ్యాహ్నం అన్ని కెటిళ్లూ ఒకేసారి తెరిస్తే హెడర్ 8 నుంచి 6 బార్‌కు పడుతుంది. 6 బార్‌లో సాంద్రత 3.67 మాత్రమే. మీటరు 4.65 అనుకుంటూనే ఉంటే 27 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ ఆవిరి వాడే గంటలోనే ఎక్కువ తప్పు. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ లేదా మీటరులోనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న మోడల్ తీసుకోండి. సంతృప్త ఆవిరికి రెండింట్లో ఏదైనా చాలు.

బాయిలర్_పలమనేరు
ఔను. ఇంకా మూడు. మీటరుకు ముందు మాయిశ్చర్ సెపరేటర్, దాని కింద ట్రాప్ (నీటిని వదిలి ఆవిరిని ఆపే వాల్వు) ఉండాలి. కట్టెల బాయిలర్‌లో లోడు ఎగిరిపడినప్పుడు నీళ్లు ఆవిరితో కలిసి వస్తాయి. ఆ నీటి దెబ్బకే సెన్సర్ పుల్ల విరుగుతుంది. చల్లటి లైనును తెరిచేటప్పుడు బైపాస్‌తో నెమ్మదిగా వేడి చేయాలి. ఎలక్ట్రానిక్స్ తల పైకి కాకుండా పక్కకు తిప్పి పెట్టాలి. ఇన్సులేషన్ మెడ దాకా కప్పితే తల కాలిపోతుంది.

ఇక పైపు అదురుతుంటే ఆవిరి లేకపోయినా మీటరు ఏదో చూపిస్తుంది. అప్పుడు లో ఫ్లో కటాఫ్ (దానికి కింద సున్నా చూపించే హద్దు) పెంచి దాచేయడం తేలిక, కానీ రాత్రి వాడకం కూడా దాంతోపాటు పోతుంది. మొదట సపోర్టు వేయండి.

ప్యానెల్_వైరింగ్
పాత ఆరిఫైస్ ప్లేటు ఇదివరకే హెడర్‌లో ఉంటే? దానికి డీపీ (ఒత్తిడి తేడా) ట్రాన్స్‌మిటర్ కొత్తది పెడితే చవక కదా.

బాయిలర్_పలమనేరు
పగటి లెక్కకైతే పనికొస్తుంది. కానీ ఆరిఫైస్‌లో ప్రెషర్ తేడా ప్రవాహపు వర్గంతో పోతుంది. 3,000కు 400 అంటే ఏడున్నర రెట్లు, డీపీలో 56 రెట్లు. గరిష్ఠానికి 2,500 మి.మీ. నీటి మట్టం పెట్టుకుంటే రాత్రి 44 మి.మీ. మాత్రమే. కండెన్సేట్ పాట్‌లు రెండు ఎత్తుల్లో ఒక సెంటీమీటరు తేడాగా ఉంటే ఆ 44లో 10 పోయినట్టే. సాధారణంగా 4 రెట్ల రేంజి దాటితే ఆరిఫైస్‌ను నమ్మను. ప్లేటు అంచు పదునుపోయినా, తిరగేసి బిగించినా తక్కువే చూపిస్తుంది.

గుజ్జు_లైన్_చిత్తూరు
హెడర్‌లో ఆరిఫైస్ లేదు. ఫీడ్ వాటర్ సాఫ్ట్‌నర్ నుంచి వస్తుంది. కొంత కండెన్సేట్ కలుస్తుంది.

బాయిలర్_పలమనేరు
సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుంది, లవణాలు తగ్గవు. మన బోరు నీళ్లకు వాహకత బాగానే ఉంటుంది. మ్యాగ్నెటిక్ నడుస్తుంది. కానీ రేపు కండెన్సేట్ 90 శాతం తిరిగి తెస్తే, లేదా డీఎం ప్లాంటు (నీటిలోని లవణాలు తీసేది) పెడితే వాహకత 5 మైక్రోసీమెన్స్ కిందికి పడిపోవచ్చు. అప్పుడు రీడింగు ఊగుతుంది. ముందే చేతి కండక్టివిటీ మీటరుతో ఫీడ్ ట్యాంకులో చూసి, 20 పైన ఉంటే మ్యాగ్నెటిక్, లేకపోతే వోర్టెక్స్. ఆర్‌ఓ నీళ్లకు కూడా ఇదే పరీక్ష.

ఫీడ్ నీరు అంటే ఆవిరి ప్లస్ బ్లోడౌన్ (బాయిలర్ నుంచి వదిలేసే లవణపు నీరు). వారం లెక్కలో ఆవిరి మీటరు ఫీడ్ కంటే ఎక్కువ చూపిస్తే ఆవిరి మీటరునే అనుమానించండి. బాయిలర్ తనలోకి పోసినదానికంటే ఎక్కువ ఇవ్వలేదు.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
డీజిల్‌కు ఓవల్ గేర్ మీటరు (ద్రవం తిప్పే రెండు గేర్లతో కొలిచేది). విద్యుత్తును మోయదు కాబట్టి మ్యాగ్నెటిక్ కుదరదు. ముందు స్ట్రైనర్ తప్పనిసరి. గేర్ల మధ్య ఖాళీ చాలా చిన్నది, వెల్డింగ్ పొక్కు ఒకటి చాలు అవి పట్టేయడానికి.

సప్లైలో ఒకటి, రిటర్న్‌లో ఒకటి పెట్టి తీసివేస్తామని అంటారేమో, లెక్క చూడండి. 300 లీటర్లు పోయి 240 తిరిగి వస్తే వాడింది 60. ఒక్కోటి 1 శాతం తప్పయితే 3 ప్లస్ 2.4, అంటే 60లో 5.4 లీటర్లు, 9 శాతం. పైగా రిటర్న్ వేడిగా వచ్చి ఉబ్బి ఉంటుంది. అందుకని రిటర్న్‌ను డే ట్యాంకులోకే (జనరేటర్ పక్కనుండే చిన్న ట్యాంకు) తిప్పి, డే ట్యాంకును నింపే గొట్టంలో ఒక్క మీటరు పెట్టండి.

ఈటీపీ_చంద్రగిరి
ఈటీపీ అవుట్‌లెట్ పైపు సగం నిండి పోతుంటే మామూలు మ్యాగ్నెటిక్ పెట్టకండి. అది పైపు నిండిందనే లెక్కగడుతుంది, ఎక్కువ చూపిస్తుంది. పైపును యూ ఆకారంలో కిందికి దించి మళ్లీ లేపితే మీటరు నిండుగా ఉంటుంది, కానీ అడుగున బురద చేరుతుంది, డ్రైన్ వాల్వు పెట్టుకోవాలి.

కాలువ అయితే 90 డిగ్రీల వీ నాచ్ (వీ ఆకారంలో కోసిన అడ్డుపలక). ప్రవాహం సుమారు 1.38 × మట్టం రెండున్నర ఘాతం, మీటర్లలో. మట్టం 10 సెం.మీ. అయితే సెకనుకు 4.36 లీటర్లు, గంటకు 15.7 ఘ.మీ. రెండున్నర ఘాతం కాబట్టి మట్టం 3 మి.మీ. తప్పు చదివినా ప్రవాహం 7.5 శాతం తప్పు. సెన్సర్‌ను నాచ్ మీద పెట్టకూడదు, అక్కడ నీటి మట్టం వంగి దిగుతుంది. గరిష్ఠ మట్టానికి 3, 4 రెట్ల దూరం వెనక్కి పెట్టండి. సీజన్‌లో నురుగు వస్తుంది, అల్ట్రాసోనిక్ నురుగును నీళ్లనుకుంటుంది. రాడార్ సెన్సర్ కాస్త మేలు. నాచ్ అంచుకు పట్టే పాచిని వారానికొకసారి తుడవకపోతే పైవన్నీ వృథా.

ప్యానెల్_వైరింగ్
ఇక నా వైపు. మ్యాగ్నెటిక్ మీటరు ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టేది మిల్లీవోల్టుల్లో. ద్రవానికి, మీటరు బాడీకి ఒకే ఎర్త్ ఉండాలి. స్టీలు ట్యూబులో ఎర్త్ వైరు ఇరువైపులా కలిపితే చాలు. ప్లాస్టిక్ లైనులోనైతే గ్రౌండింగ్ రింగులు రెండూ కొనాల్సిందే, అవి కొటేషన్‌లో ఉండవు, అడగాలి. సిగ్నల్ కేబుల్‌ను వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే సాధనం) మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో వేయకండి. రీడింగు పంపు వేగంతోపాటు వణుకుతుంటే ముందు చూడాల్సింది ఇదే.

మీటరు తప్పు అని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను మొట్టమొదట చూసేది రేంజి. మీటరులో 20 ఎంఏ అంటే 20 ఘ.మీ., పీఎల్‌సీలో 15 అని రాసి ఉంటే, ప్రతి రీడింగూ 25 శాతం తక్కువ. మీటరు డిస్‌ప్లే, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ తెర) పక్కపక్కన చూస్తే నిమిషంలో దొరుకుతుంది. టోటలైజర్‌కు (మొత్తం కూడేది) మాత్రం 4–20 ఎంఏ సిగ్నల్ కాకుండా పల్స్ గానీ మోడ్‌బస్ గానీ వాడండి.

తిరుపతి_ప్రాసెస్
సర్టిఫికేట్ సంగతి. నీటితో కనీసం మూడు ప్రవాహాల దగ్గర చేసిన కాలిబ్రేషన్ రిపోర్టు అడగండి, ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి. ప్రభుత్వ రంగంలో పాలక్కాడ్‌లోని ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనికే ఉంది. సైటులో సరిచూడటానికి ఫిల్లర్ లోడ్ సెల్ ఉండనే ఉంది. ముందు దాన్ని ప్రమాణ బరువులతో చూసుకోండి. తర్వాత వరుసగా 20 బ్యాగుల బరువు కూడి, అదే సమయంలో మీటరు టోటల్‌ను సాంద్రతతో గుణించి పోల్చండి. ఫిల్లర్ ముందు అసెప్టిక్ ట్యాంకు మట్టం మొదట్లో, చివర ఒకేలా ఉండాలి, లేకపోతే ఆ తేడా కలపాలి.

గుజ్జు_లైన్_చిత్తూరు
అందరికీ ధన్యవాదాలు. మార్చిన జాబితా ఇది, తప్పుంటే చెప్పండి:

ఫీడ్: మ్యాగ్నెటిక్ 40 మి.మీ., నిలువు, పీఎఫ్‌ఏ, 316ఎల్, 0–20. కాన్సన్‌ట్రేట్: కొరియోలిస్, డ్రాప్ లెక్కతో. సీఐపీ: మ్యాగ్నెటిక్ 50 మి.మీ., పీఎఫ్‌ఏ. ఆవిరి: వోర్టెక్స్ 80 మి.మీ., ఉష్ణోగ్రత సెన్సర్‌తో, సెపరేటర్‌తో. ఫీడ్ వాటర్: కండక్టివిటీ చూశాక. డీజిల్: ఓవల్ గేర్ ఒకటి, డే ట్యాంకు ముందు. ఈటీపీ: వీ నాచ్, రాడార్. గ్యాస్కెట్లు, సీళ్లు అన్నీ ఈపీడీఎం (ఒక సింథటిక్ రబ్బరు) అని ఒకే లైనులో రాశాను.

డెయిరీ_మెయింటెనెన్స్
గుజ్జుకు, కాస్టిక్‌కు, ఆవిరి స్టెరిలైజేషన్‌కు ఈపీడీఎం బాగుంటుంది. ట్రై క్లోవర్ (బిగింపు జాయింటు) గ్యాస్కెట్ లోపలి వ్యాసం మీటరు వ్యాసంతో సరిపోవాలి. లోపలికి పొడుచుకొస్తే గుజ్జు అక్కడే పట్టుకుంటుంది.

ఇన్‌స్ట్రుమెంట్_రేణిగుంట
డీజిల్‌కు ఈపీడీఎం కొట్టేయండి. నూనె తగిలితే ఉబ్బి గేర్ షాఫ్టును బిగిస్తుంది. అక్కడ వైటాన్ లేదా నైట్రైల్ రబ్బరు అని విడిగా రాయండి. ఆవిరి లైను ఫ్లాంజికి కూడా ఈపీడీఎం కాదు, స్పైరల్ వౌండ్ గ్రాఫైట్. మిగతాదంతా సరిగ్గా ఉంది.

గుజ్జు_లైన్_చిత్తూరు
రెండూ మార్చాను సార్. సవరించిన స్పెక్ రేపు పొద్దున సప్లయర్‌కు వెళ్తుంది. ఫీడ్ ట్యాంకు కండక్టివిటీ ఈ సాయంత్రమే చూసి ఇక్కడ రాస్తాను.